పిట్టల గొట్టం

నాకు నోరెక్కువని మా కొల్లేటి గట్ల మీద అందరికీ తెలుసు. ఏలూరులో ఆ కుక్కల డాక్టరు ముందు ఆ నోరు మూసుకుని నిలబడ్డానంటే మా వాళ్ళెవరూ నమ్మరు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

మాది ఆకివీడు దగ్గర చేపల చెరువు కాపలా. నేనూ మా ఆయన సూర్రావూ గట్టు మీద పాకలో ఉంటాం. మాతోపాటే మా కుక్క చుక్కి. నీటికాకులు చేపల మీద పడకుండా చుక్కి గట్టు చుట్టూ పరుగెత్తి తోలేది. జీతం లేని ఉద్యోగం దానిది. మా చెరువు ఆసామి విజయ్‌కుమార్ గారికి అది చాల్లేదు. ఎవరో చెప్పారని పిట్టల గొట్టం పట్టుకొచ్చారు. పైపులో కార్బైడు వేసి, నీళ్ళు చిలకరించి, లైటర్ నొక్కితే చెవులు చిల్లులు పడేలా పేలుతుంది. ఎండకి గొట్టం పాడవుతుందని మా ఆయన దాన్ని పాక నీడలో పెట్టి పేల్చేవాడు. చుక్కి పడుకునేదీ ఆ నీడలోనే.

పిట్టలు పోయాయి, చుక్కి ధైర్యమూ పోయింది. మంచం కింద దూరి వణుకుతుంది. అన్నం ముట్టదు. కాళ్ళు కొరుక్కుని పుండ్లు చేసుకుంది. మేత లారీ తలుపు వేసిన చప్పుడుకే ఉచ్చ పోసేస్తుంది. గొట్టం ఆపండి బాబూ అని ఆసామి గారి కాళ్ళావేళ్ళా పడ్డాను.

"నువ్వు చెబితే ఆపేస్తానేంటి దుర్గా? డాక్టరు చెప్పాలి" అన్నారు ఆయన. "చేపలు పట్టే లోపు దాన్ని బాగు చేయించండి. లేకపోతే చేపల లారీ ఎక్కించి ఎక్కడో దింపేయిస్తాను. దొంగొస్తే మంచం కింద దూరే కుక్క నాకెందుకు?"

అన్నంత పనీ చేసే మనిషి. అందుకే చుక్కిని దుప్పట్లో చుట్టి ఆటోలో ఏలూరు తీసుకెళ్ళాం. ఆటో నాని దారంతా హారన్ కొట్టకుండా నడిపాడు. ఆ పుణ్యం అతనికి ఊరికే పోదు. గొట్టం ఆపమని డాక్టరు ఒక్క మాట చెబితే చాలు, మా చుక్కి మా దగ్గరుంటుంది. ఆ ఒక్క మాట కోసమే వెళ్ళాం.

శ్రీనాథ్ అని, పేరున్న డాక్టరట. లోపలికి వెళ్ళేసరికి ఫోన్లో ఉన్నారు. మమ్మల్ని చూడలేదు, చుక్కిని అసలే చూడలేదు. కాంపౌండరు దాన్ని ఇనప బల్ల మీద పడేసి మూతికి తాడు కట్టాడు. దాని గోళ్ళు బల్ల మీద టకటకలాడుతున్నాయి.

"డాక్టరు గారండీ, చప్పుడంటే భయపడిపోతందండీ..." అని మొదలెట్టాను.

ఆగమని చెయ్యి చూపించి, ఆయన ఫోన్లో అరిచారు. "నీటికాకులు దిగుతుంటే గుడ్లప్పగించి చూస్తున్నారా? ఇంకో రెండు గొట్టాలు తెచ్చి పేల్చండి! ఏదీ, పేల్చు, నన్ను విననీ."

స్పీకరు నొక్కారు. ఢామ్మని పేలింది.

చుక్కి బల్ల మీంచి కిందపడి, గోడకీ బీరువాకీ మధ్య ఇరుక్కుపోయింది. గది నిండా ఉచ్చ. డాక్టరు కాళ్ళు పైకెత్తుకుని, "ఏంటమ్మా ఇది? ముందు తుడవండి!" అన్నారు. కాంపౌండరు నా చేతికి గుడ్డ ఇచ్చాడు. తుడిచాను. ఆ మాట చెప్పేవరకూ ఏం చెయ్యమన్నా చేస్తాను.

తుడిచి లేచి అడిగాను. "బాబుగారండీ, సూశారు కదండీ, ఆ గొట్టం వల్లేనండీ. మా చెరువు ఆసామి గారికి మీరొక్క మాట ఫోన్ చేసి చెప్పండి. మీరు చెబితే ఆపుతారండీ."

ఆయన నవ్వారు. "గొట్టాలు ఆపమని నేను చెప్పాలా? నాకూ కైకలూరు పక్కన చెరువులున్నాయమ్మా. కుక్క కోసం చేపల్ని పిట్టలకి మేపుతామా? ఇది పనికిరాదు. వదిలేసి ఇంకోటి పెంచుకోండి. వీధికుక్కలకి కరువా?"

దాన్ని ఒక్కసారైనా ముట్టుకోలేదు. అన్నం తింటోందా అని అడగలేదు. నా నోటికి ఎన్ని తిట్లొచ్చాయో ఆ భగవంతుడికే తెలుసు. పెదాల దాకా వచ్చినవన్నీ మింగేశాను. డాక్టరంటే భయపడి కాదు. నేను అరిస్తే ఆ సందులో ఉన్న చుక్కి ఇంకా హడలిపోతుంది. దాన్ని మెల్లగా బయటికి లాగి, చంకనెత్తుకుని వచ్చేశాను.

పాకకి వచ్చేసరికి నీటికాకులు దిగుతున్నాయి. మా ఆయన అలవాటుగా గొట్టం దగ్గరికి నడిచాడు. ఆయన కంటే ముందే నేను దాన్ని అందుకున్నాను. గట్టు దిగి, బురదలోకి తొక్కేశాను. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఏలూరులో మింగిన తిట్లన్నీ కలిపి తొక్కాను.

"ఒసే దుర్గా, పని పోద్దే!"

"పోతే పోనివ్వండి. గట్టిగా అరవకండి, అది వింటంది."

అంతలో ఫోన్. విజయ్‌కుమార్ గారు. "ఏమన్నారు డాక్టరు?"

"గొట్టం ఈ క్షణమే ఆపేయమన్నారండీ. ఆయనకీ చెరువులున్నాయంటండీ, తెలిసిన మనిషండీ."

"డాక్టరు గారే అన్నారా?"

"ఆయ్, ఆయనే అన్నారండీ."

"అయితే ఆపేయండి. ఆ ముక్క ముందే చెప్పొద్దూ?"

నెల్లాళ్ళుగా నేను మొత్తుకున్నది ఏంటట మరి! నా నోట్లో అరుపైన మాట ఆ పెద్దమనిషి పేరు తగిలించేసరికి వైద్యమైపోయింది. గెలిచానన్న సంతోషం కూడా లేకుండా చేశారు ఇద్దరూ కలిసి.

ఫోన్ మా ఆయన చేతిలో పెట్టి తువ్వాలు తీసుకున్నాను. నోరెత్తకుండా, తువ్వాలు ఊపుతూ గట్టు వెంబడి పరుగెత్తి నీటికాకుల్ని తోలాను. ఒక చుట్టు తిరిగి రొప్పుతూ పాక వైపు చూశాను. చుక్కి మంచం కింద నుంచి మూతి బయటికి పెట్టి నన్నే చూస్తోంది. ఇంకా బయటికి రాలేదు.