గూట్లో మిగిలిన పచ్చ ముద్ద

ప్రొటీన్ స్ఫటికం మీద ఎక్స్-కిరణాలు పడి చెదిరితే, ఆ చెదిరిన తీరును బట్టి లోపల ఎలక్ట్రాన్లు ఎక్కడెక్కడ గుమిగూడాయో కంప్యూటర్ పటం గీస్తుంది. ఆ పటంలో పరమాణువులను ఒక్కొక్కటిగా కూర్చడమే ఆమె పని. అన్నీ కుదిరాయి. ప్రొటీన్‌లో మందు వచ్చి అతుక్కోవాల్సిన గూట్లో మాత్రం ఒక పచ్చ ముద్ద మిగిలిపోయింది. పచ్చ అంటే, ఇక్కడ ఏదో ఉంది, నువ్వింకా పెట్టలేదు అని.

"మన మందే అయ్యుంటుందమ్మా, పెట్టేసెయ్," అన్నారు ప్రయోగశాల పెద్దసారు. ఆయన ఆశ ఆయనది.

పెట్టింది. లెక్క మళ్లీ నడిపితే మందు కొసలు రెండూ ఎర్రబడ్డాయి. లేనిది పెట్టావని పటం మొహం మీదే చెప్పేసింది. తీసేసింది.

ఆ స్ఫటికాలను పెంచింది ఆమె మేనబావ. ఏళ్ల తరబడి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పనిచేశారు. నిరుడు అతను వేరే ఊళ్లో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఇంట్లోవాళ్లు ఇద్దరినీ కలిపి మాట్లాడినప్పుడల్లా ఇద్దరూ నవ్వేసేవారు. ఆమె నవ్వు ఎప్పుడో ఆగిపోయిందని అతను గమనించలేదు, ఆమె చెప్పనూ లేదు. అతను వెళ్లాక ఫోన్ చేయడానికి ఒక్క సాకూ దొరకలేదు. ఇప్పుడు దొరికింది.

"బావా, నీ స్ఫటికంలో ఏదో ఉంది. నాకు అంతుపట్టడం లేదు."

"నీకే అంతుపట్టకపోతే నాకేం తెలుస్తుందే? సరే, ఆదివారం వస్తాలే."

వచ్చాడు. కాస్త చిక్కాడు. తన పాత కుర్చీలోనే కూర్చుని తెర మీది బొమ్మను అటూ ఇటూ తిప్పించాడు. భుజం భుజానికి తగులుతున్నా అతని చూపంతా ముద్ద మీదే.

"ఈ కొస చూడు, ఎంత గట్టిగా ఉందో! గంధకం లాంటి బరువైనదేదో ఉండాలి." అని, నుదురు కొట్టుకున్నాడు. "హెపెస్! ఆమ్లగుణం నిలకడగా ఉండాలని చివరి విడతకి ఆ ద్రావణానికి మార్చాను కదే, అందులో గంధకం ఉంటుంది, అదొచ్చి గూట్లో కూర్చుంది. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మన పని."

పెట్టి చూశారు. అచ్చుగుద్దినట్టు సరిపోయింది. పచ్చా పోయింది, ఎరుపూ రాలేదు. అతను చప్పట్లు కొట్టాడు. ఆమె కూడా నవ్వింది. ఇంకో పూట తేలకుండా ఉంటే ఏం పోయేది అని లోలోపల అనుకుంది. సాయంత్రం బస్సుకి అతను వెళ్లిపోయాడు.

మర్నాడు పటమంతా మళ్లీ గాలించింది. ఒక అంచున చిన్న పచ్చ చుక్క కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. కానీ అది ఉత్త నీటి అణువని చూడగానే తెలిసిపోతోంది. తెలిసి తెలిసి దానికోసం బావను రప్పించడానికి ఆమెకు మనసొప్పలేదు. నీటినే పెట్టింది. ఆ తర్వాత చాలాసేపు ఆలోచించి ఫోన్ చేసింది.

"మళ్లీ ఏం మిగిలిందే?"

"ఏం మిగల్లేదు బావా. ఊరికే చేశాను."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు, తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినిపించాయి.

"చెప్పు," అన్నాడు.

ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు. ఫోన్ చెవికి అదిమి పట్టుకుని అతని పాత కుర్చీలో కూర్చుంది.