నలభై ఊపిర్లు

పొద్దున్న ఏడింటికి డ్యూటీ ఎక్కగానే లోసెలీ రాత్రి డ్యూటీ కాగితం తీసి చూసింది. పది గంటలకు నలభై. రెండింటికి నలభై. ఆరింటికి నలభై. నాలుగు నెలల విలీ, నెమ్ము చేసి నిన్న మధ్యాహ్నం పడవలో వచ్చిన పసివాడు, రాత్రంతా నిమిషానికి సరిగ్గా నలభై ఊపిర్లే తీశాడట. పక్క మంచంలో విరేచనాల పిల్లకూ నలభై. దాని పక్కన వేడినీళ్లు పడి కాలు కాలిన ఏడేళ్ల కుర్రాడికీ నలభై. పిల్లల వార్డులో అందరికీ దేవుడు ఒకే గిద్దతో ఊపిరి కొలిచి పోశాడన్నమాట.

ఆమె విలీ చొక్కా గుండీలు విప్పి, గడియారం పట్టుకుని, ఒక నిమిషం నిండా లెక్కపెట్టింది. డెబ్భై రెండు. వాడు డొక్కలు ఎగరేస్తున్నాడు. ముక్కుపుటాలు అదురుతున్నాయి, ఊపిరి వదిలినప్పుడల్లా చిన్న మూలుగు వస్తోంది. నిన్న సాయంత్రం ఆరింటికి తనే లెక్కపెట్టి యాభై ఆరు అని రాసింది. ఆ యాభై ఆరు కింద మూడు నలభైలు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నాయి.

రాసింది రాత్రి నర్సు తయానా. ముఖం కడుక్కుని, తలకు కొబ్బరినూనె రాసుకుని, ఇంటికి వెళ్లడానికి సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది. రాత్రంతా పిల్లలు హాయిగా పడుకున్నారని డ్యూటీ అప్పజెప్పింది. నువ్వూ హాయిగా పడుకున్నావా అని లోసెలీ నోటిదాకా వచ్చింది. అడగలేదు. మూడు నెలలుగా అడగలేదు.

ఎందుకంటే తయానా ఆమె మేనత్త కూతురు. ఈ టోంగా దీవుల్లో మేనత్త అంటే మామూలు మాట కాదు. అన్నదమ్ముల పిల్లల మీద అక్కచెల్లెళ్ల పిల్లలదే పైచేయి. ఆ పైచేయి ఉన్నవాళ్లను ఫహు అంటారు. ఫహు అడిగితే ఇవ్వాలి, చెప్పితే చెయ్యాలి, ఎదురు మాట్లాడకూడదు. పోయిన ఏడాది లోసెలీ తండ్రి చనిపోయినప్పుడు, చినిగిన పెద్ద చాప ఒంటికి చుట్టుకుని పెరట్లో పొయ్యిల దగ్గర వంట చేసింది లోసెలీ. శవం తల దగ్గర కూర్చుని, కానుకగా వచ్చిన మేలిమి చాపలన్నీ అందుకున్నది తయానా. సమాధి అయ్యాక ఆచారం ప్రకారం లోసెలీ జుట్టు కత్తిరించింది ఆ మేనత్తే. వార్డులో లోసెలీ పెద్ద నర్సు, తయానా మూడు నెలల కిందట చేరిన పిల్ల నర్సు. గడప దాటితే లెక్క తిరగబడుతుంది. వార్డులో ‘నువ్వు’ అనే నోరు ఇంట్లో ‘మీరు’ అనాలి.

ఎనిమిదింటికి డాక్టర్ మొసేసే వచ్చాడు. రాజధాని నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు, మంచివాడే, కాకపోతే కాగితాన్ని నమ్మే రకం. యాభై ఆరు, నలభై, నలభై, నలభై, డెబ్భై రెండు చదివాడు. మందు పనిచేసింది, రాత్రి కుదుటపడ్డాడు, తెల్లారి ఉన్నట్టుండి ఏదో జరిగిందని తేల్చాడు. తల్లి హింగానోను ఉదయం పాలు ఎలా ఇచ్చావని అడిగాడు. పడుకుని ఇచ్చానని ఆమె చెప్పింది.

పాలు ఊపిరిగొట్టంలోకి పోయాయన్నాడు డాక్టరు. ఇంతమంది పిల్లల్ని కన్న ఆడవాళ్లకు కూడా చెప్పాలా అని విసుక్కున్నాడు. ఇక పాలు ఆపి, మందు అదే ఉంచి, సోమవారం దాకా చూద్దామన్నాడు. అది శనివారం. రాజధానికి విమానం రెండింటికి. మర్నాడు ఆదివారం, ఈ దేశంలో ఆదివారం పక్షి తప్ప ఏదీ ఎగరదు.

హింగానో తల వంచుకుంది. చేయని తప్పును ఒడిలో కట్టుకున్నట్టు కట్టుకుని, బిడ్డ పాదాలు పట్టుకుని చాప మీద కూర్చుండిపోయింది. లోసెలీ కాగితాలు పట్టుకుని డాక్టరు వెనకే పక్క మంచానికి నడిచింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

బండి కోసం ఇంకా వరండాలోనే ఆగి ఉన్న తయానాను దుప్పట్లు ఉంచే గదిలోకి పిలిచింది. అక్కడ మూల చాప పరిచి ఉంది, దిండు మీద తల గుంట ఇంకా ఉంది. గోడకు ఫోను ఛార్జింగ్ తీగ వేలాడుతోంది. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. అయినా అడిగింది.

“ఒక్కసారైనా వాడి దగ్గరికి వెళ్లావా?”

“వెళ్లా వదినా. దూరం నుంచి చూశా. నిద్రపోతున్నాడు. నిద్రపోయే పిల్లల్ని ఎవరు కదిలిస్తారు?”

“మరి నలభై ఎక్కడి నుంచి వచ్చింది?”

తయానా ఇబ్బందిగా నవ్వింది. నర్సింగ్ బడిలో పంతులమ్మ బోర్డు మీద ఎప్పుడూ నలభై అనే రాసేదట. అది మంచి అంకె అంది. అబద్ధం చెప్పడానికి కూడా ఈ పిల్ల కష్టపడలేదు, మూడుసార్లు మూడు అంకెలు కల్పించే ఓపిక కూడా లేదు.

డాక్టరుకు నువ్వే వెళ్లి చెప్పు అంది లోసెలీ. తయానా ఫోను తీసింది. చేసింది డాక్టరుకు కాదు, అమ్మకు.

పదకొండింటికి మేనత్త అనసేని వచ్చింది. నడుముకు మంచి చాప చుట్టుకుని, చేతిలో కొబ్బరాకు బుట్టతో, పెళ్లికి వచ్చినట్టు వచ్చింది. బుట్టలో కొబ్బరిపాలు పోసి చేమాకులో కాల్చిన మాంసం. నర్సుల గదిలో ఉన్న ఒక్క కుర్చీలో ఆమె కూర్చుంది. లోసెలీ కింద కూర్చుంది, అది పద్ధతి. కిటికీ మూసి ఉంది, కొబ్బరిపాల వాసన గదంతా జిడ్డులా పట్టేసింది.

ఆమె చాలాసేపు ఆ విషయమే ఎత్తలేదు. లోసెలీ పిల్లల చదువులు అడిగింది, పోయిన తమ్ముణ్ణి తలుచుకుని కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత, తయానా చిన్నపిల్ల, కొత్త ఉద్యోగం, ఇప్పుడు పేరు పోతే మళ్లీ రాదంది.

“నేను నిన్ను అబద్ధం చెప్పమనట్లేదే. ఊరుకోమంటున్నా. కాగితం ఎలా ఉందో అలా ఉండనీ.”

“అత్తయ్యా, బాబు పరిస్థితి బాగోలేదు.”

“బాగోకపోతే దేవుడున్నాడు, డాక్టరున్నాడు. నీ ఫహుని నువ్వే వీధిలో పెడతావా? మీ నాన్న ఉంటే నా ముందు ఈ మాట అనేవాడా?” ఆమె బుట్ట ముందుకు జరిపింది. “తిను. పొద్దుటినుంచీ ఏం తిన్నట్టు లేవు.”

లోసెలీ ఒక ఆకు విప్పింది, అత్తయ్య పెట్టింది తినకపోతే తప్పు కాబట్టి. నోట్లో పెట్టుకుంది. మింగుడు పడలేదు. ఇన్నేళ్లూ ఎన్ని మింగింది, ఈ ముద్ద ఎందుకు దిగదని తనను తానే అడిగింది. నాన్న ఉంటే ఏమనేవాడో ఆమెకు తెలుసు. ఆయనా తినేవాడు. లేచి బయటికి వెళ్లి కొళాయి దగ్గర ఉమ్మేసి, నోరు కడుక్కుని వార్డులోకి వచ్చింది.

మళ్లీ లెక్కపెట్టింది. డెబ్భై ఎనిమిది. పెదవుల చుట్టూ నీలం తిరుగుతోంది. ఆక్సిజన్ పెంచింది. పన్నెండు దాటింది.

డాక్టరు వరండాలో టీ తాగుతున్నాడు. లోసెలీ కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. వెనకాలే మేనత్త వచ్చి గుమ్మంలో నిలబడింది, ఆమె పక్కన తయానా.

“ఈ మూడు నలభైలూ అబద్ధం,” అంది లోసెలీ. “రాత్రి ఎవరూ లెక్కపెట్టలేదు. వీడు కుదుటపడలేదు. నిన్న సాయంత్రం నుంచీ దిగజారుతూనే ఉన్నాడు. మీ మందు పనిచెయ్యట్లేదు. పాలూ కాదు, తల్లీ కాదు.”

డాక్టరు కప్పు కింద పెట్టి, లోపలికి పరుగెత్తి, బిడ్డ ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. హింగానో అప్పుడు మెల్లగా నోరు విప్పింది. రాత్రంతా తాను మేలుకునే ఉందట. ఆ నర్సమ్మ మంచం దగ్గరికి రానేలేదట. రెండుసార్లు పిలుద్దామని లేచి, పెద్దింటి పిల్ల, నేనెవర్ని అనుకుని మళ్లీ కూర్చుందట. ఆ మాట వింటుంటే లోసెలీకి ఒళ్లంతా కంపరం పుట్టింది. తల్లి మీద కాదు. బిడ్డ ఊపిరికన్నా మర్యాద పెద్దదని ఈ దీవిలో పుట్టిన ప్రతి ఆడదానికీ ఉగ్గుపాలతో పోసినందుకు, అందులో తన గిన్నె కూడా ఉన్నందుకు.

మందు మార్చారు. విమానం వాళ్లకు ఫోను చేసి ఇరవై నిమిషాలు ఆపించారు. లోసెలీ ఆక్సిజన్ సిలిండరుతో అంబులెన్సులో రన్‌వే దాకా వెళ్లి, వాడు ఎక్కేదాకా లెక్కపెడుతూనే ఉంది. బతుకుతాడని రాజధాని నుంచి సాయంత్రం కబురొచ్చింది, ఇంకో రెండు పూటలు ఆగితే చెప్పలేకపోయేవాళ్లమని కూడా.

మేనత్త వెళ్లేముందు ఒక్క మాటే అంది. నా చావుకు నువ్వు రానక్కర్లేదంది. లోసెలీ తల వంచి సరే అంది. పొయ్యి దగ్గర ఇంకొకరెవరైనా దొరుకుతారు.

ఆ సాయంత్రం డాక్టరు ఆమెను తన గదికి పిలిచాడు. తయానా చేరిన రోజు నుంచీ రాత్రి కాగితాలన్నీ బల్ల మీద పరిచాడు. ఈ సంగతి ఎప్పటి నుంచి తెలుసని అడిగాడు. చేరిన రెండో వారం నుంచి అంది లోసెలీ. ఒకనాడు తెల్లారకముందే వార్డుకు వస్తే, ఐదింటికే ఆరింటి అంకె రాస్తుండగా చూశానంది. ఏమీ అనలేక, రోజూ ఏడింటికి తనే అందరినీ మళ్లీ లెక్కపెట్టుకునేదాన్నని, అంతటితో సరిపోతుందనుకున్నానని చెప్పింది. చెబుతుంటే ఆ మాటలు తనకే కుళ్లు వాసన కొట్టాయి.

డాక్టరు ఒక కాగితం విడిగా తీశాడు. పైన పోయిన నెల తేదీ, సియోసీ అని పేరు, ఆరు నెలల ఆడపిల్ల. పది గంటలకు నలభై, రెండింటికి నలభై. ఆరింటి గడి ఖాళీ. ఆ పిల్ల ఐదింటికి పోయింది. జబ్బు అంత ముదిరిందని అప్పుడందరూ అనుకున్నారు. లోసెలీ ఆ అంత్యక్రియలకు వెళ్లి, ఆ తల్లిని కౌగిలించుకుని ఏడ్చింది కూడా.

కాగితం అడుగున పెద్ద నర్సు సరిచూసినట్టు సంతకం ఉంది.

“ఇది మీదేనా?”

“నాదే.”

“చూడకుండా పెట్టేశారా సిస్టర్?” అన్నాడు, అవునంటుందనే ఆశతో.

“లేదు,” అంది లోసెలీ. “చూసే పెట్టాను.”