సగం రోడ్డు

మా ఆయనతో కారులో పోవడమంటే వ్యవసాయ శాఖ తనిఖీకి పోయినట్టే. రామన్నపేటలో ఎరువుల దుకాణం నడిపే రఘుపతి గారికి స్టీరింగు చేతికొస్తే చాలు, రోడ్డు తప్ప అన్నీ కనిపిస్తాయి. ఎవరి పత్తికి పచ్చదోమ పట్టింది, ఎవరు యూరియా ఎక్కువ చల్లారు, అన్నీ నాకు చెప్పాలి. నేను డిగ్రీలో చదివింది చరిత్ర అని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినడు.

ఆ రోజు నల్లగొండలో పెళ్లి చూసుకొని వస్తున్నాం. పానగల్ దాటి లోపలి రోడ్డు పట్టాక, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పేర్చి ఉన్నాయి.

"గివి సన్న వడ్లా, దొడ్డు వడ్లా? చూసి చెప్పు" అన్నాడు.

నేనూ తల తిప్పి చూశాను. "దొడ్డు వడ్లే" అన్నాను. అంతలోనే చప్పుడైంది.

మిగిలిన సగం రోడ్డు మీద, మా ముందు, అంచునే సైకిల్ తొక్కుకుంటూ పోతున్న పిల్ల. పేరు నిరోష, తొమ్మిదో తరగతి. వడ్లకు కాపలా కూర్చున్న నాయనమ్మ బిక్షమ్మకు అన్నం తీసుకుపోతోంది. గిన్నె మూత దొర్లుకుంటూ వడ్లలోకి పోయింది. పిల్ల ఏడవలేదు. "సైకిల్ వంగిందా?" అని అడిగింది. వంగింది ఆమె కాలు.

అవ్వనూ మనవరాలినీ మేమే కారెక్కించుకొని దవాఖానకు తెచ్చాం. ఎముక విరిగింది, లోపల రాడ్డు వేయాలన్నారు. ఆయన వరండాలోకి వచ్చి, వకీలుగా ఉన్న మా తమ్ముడు నరేశ్‌కు ఫోన్ చేశాడు. నేనూ చెవి పెట్టాను.

"పిల్లనే అడ్డమొచ్చిందని చెప్పు బావా. లేకుంటే రోడ్డు మీద వడ్లు పోసినోళ్లది తప్పు అను. అది సుత అబద్ధం గాదు."

"మరి పిల్లకు?" అన్నాను.

"గదే చిక్కు అక్కా. తప్పు బావదని తేలితే పిల్లకు ఇన్సూరెన్సు కంపెనీ కట్టియ్యాలె. కానీ కేసు బావ మీద పడతది. తప్పు వాళ్లదేనంటే బావకు ఫికర్ లేదు, పిల్లకు ఏం రాదు."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకొని, "హారన్ కొట్టిన గద" అన్నాడు. కొట్టలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఈలోగా కానిస్టేబుల్ కాగితాలతో వచ్చాడు. బిక్షమ్మ గబగబా ఎదురుపోయింది.

"తప్పు నాదే సారూ. రోడ్డు మీద వడ్లు పోయొద్దని సర్పంచు చెప్పంగ చెప్పంగ నేనే ఇనలే. గీ పుణ్యాత్ములు బండిల ఏసుకొని తెచ్చిన్రు. ఆళ్ల మీద కేసొద్దు."

మేమిద్దరం తలలు దించుకున్నాం. కానిస్టేబుల్ అది మా వినయం అనుకున్నట్టున్నాడు. అవ్వ చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం మొదలుపెట్టాడు.

మా ఆయన గోడ మీది పోస్టర్ చదువుతున్నాడు, గర్భిణులు తినవలసిన ఆకుకూరల గురించి. చాలా శ్రద్ధగా.

దగ్గరికి జరిగి మెల్లగా అన్నాను. "చాయ్ తాగి రాపో. నువ్వొచ్చేసరికి నీ తప్పంత అవ్వ నెత్తికెత్తుకుంటది. పిల్ల కాలు సుత ఆమెనే బాగు చేయించుకుంటది."

"నువ్వు సుత చూసినవ్ గద వడ్లు."

"చూసిన. అది సుత రాయించు. కానీ స్టీరింగు నా చేతుల లేకుండె."

లోపల పిల్లకు కట్టు సర్దుతున్నట్టున్నారు. "అవ్వా" అని ఒక్క కేక వినబడింది. బిక్షమ్మ అటు తిరిగి చూసి, త్వరగా వేలిముద్ర వేసి పోవాలని సిరా డబ్బా వైపు చెయ్యి చాపింది.

ఆయన పోయి ఆ చేతిని పట్టుకున్నాడు.

"ఆగు అవ్వా" అన్నాడు. తర్వాత కానిస్టేబుల్ వైపు తిరిగాడు. "సారూ, గా రాసింది కొట్టేయండ్రి. పిల్ల తన అంచునే పోతాంది. హారన్ కొట్టలే, బ్రేకెయ్యలే. నేను ముందటికి చూడనే లేదు. తప్పు నాది."