కోడలి విల్లు, మామగారి కోటు

శుభవార్త వచ్చేసరికి బ్రీటా తన వేట బట్టల్ని వాసన లేని సబ్బుతో రెండోసారి ఉతుకుతోంది. బల్లమీద ఫోను మోగడం, ఓరిన్ అందుకోవడం, "ఊఁ... ఊఁ... నిజంగానా నాన్నా?" అనడం విని చేతులైనా తుడుచుకోకుండా పరుగెత్తుకొచ్చింది.

"ఒప్పుకున్నాడు! నిన్ను వేట క్యాంపుకి రమ్మన్నాడు. విల్లు కూడా తెచ్చుకోమన్నాడు," అన్నాడు ఓరిన్.

బ్రీటా నురగ చేతులతోనే మొగుడి మెడ చుట్టేసింది. పెళ్ళయి మూడు వారాలు. ఆ మూడు వారాల్లో ఆమెకి సంతోషం కలిగించిన వాటి జాబితా చాలా పెద్దది: రెండు టూత్‌బ్రష్‌లు ఒకే గ్లాసులో ఉండటం, ఓరిన్ సాక్సు ఎప్పుడూ ఒకటే దొరకడం, పొద్దున్నే కాఫీ వాసన. ఇప్పుడు ఆ జాబితా నెత్తిన ఇది ఎక్కి కూర్చుంది.

విస్కాన్సిన్ ఉత్తరాన నవంబరు ఆఖర్లో తొమ్మిది రోజులు తుపాకీ వేట. ఆ తొమ్మిది రోజుల్లో ఎవరూ పెళ్ళిళ్ళు పెట్టుకోరు. చావుల్ని కూడా వీలైతే వాయిదా వేసుకుంటారు. మగవాళ్ళందరూ అడవిలో పడతారు. ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళ కోసం దుకాణాలు "జింక విధవల" తగ్గింపు ధరలు ప్రకటిస్తాయి. బతికున్న మొగుళ్ళకి ఇదేం మర్యాద అని బ్రీటా అడిగితే, అత్తగారు ఆర్డిస్ నింపాదిగా, "తొమ్మిది రోజులు లేనట్టేగా, అమ్మాయ్," అంది. అంతే కాదు, ఆ దుకాణాలకి తీసుకెళ్ళే బస్సులో తన పక్క సీటు కోడలికి పట్టి ఉంచింది కూడా. పారాణి ఆరకముందే విధవల బస్సులో కిటికీ పక్క సీటు! ఎంత అదృష్టం!

విల్లు వేటకి సెప్టెంబరు నుంచీ అనుమతి ఉంది. బ్రీటా పన్నెండో ఏట నుంచి విల్లు పట్టినదే, ఒంటరిగా వేటాడటం ఆమెకి కొత్త కాదు. కానీ ఓరిన్ వాళ్ళింట్లో మనుషులు ఏడాదంతా మాట్లాడుకునేది వాతావరణం గురించే. నోరు విప్పి నవ్వుకునేది, పోట్లాడుకునేది, మనసులో మాట చెప్పుకునేది ఆ క్యాంపులో, ఆ తొమ్మిది రోజుల్లోనే. అక్కడ చోటు లేని కోడలు ఎన్నేళ్ళయినా చుట్టమే.

"ఒక్క షరతు ఉంది," అన్నాడు ఓరిన్, మెడమీద నురగ తుడుచుకుంటూ. "నీ వల్ల ఒక్క ఫిర్యాదు వచ్చినా విల్లు ఇంటికి, నువ్వు అమ్మ బస్సుకి. మళ్ళీ ఏ ఏడూ అడగకూడదట."

"నలభై ఒక్క ఏళ్ళుగా నడుస్తున్న మీ క్యాంపులో ఎవరిమీదా ఫిర్యాదు రాలేదా?"

"రోజుకి నాలుగొస్తాయి. కానీ వాళ్ళ దగ్గర తుపాకులున్నాయిగా."

ఆ సాయంత్రం ఆమె సంచి సర్దింది. చెట్టుకి కట్టుకునే నడుం పట్టీలు. విల్లుని పైకి లాక్కునే తాడు, ఎందుకంటే విల్లు భుజాన వేసుకుని చెట్టెక్కేవాడు ఎక్కేటప్పుడు వేటగాడు, దిగేటప్పుడు రోగి. బాణం మొనలకి తొడుగులు. తలకి కట్టుకునే దీపం. ఈల. చెట్టు చుట్టూ కట్టడానికి నారింజ రంగు రిబ్బను. అన్నిటికంటే పైన, కళ్ళు జిగేల్మనే గులాబీ రంగు చొక్కా, అదే రంగు టోపీ. తుపాకీ రోజుల్లో అడవిలోకి వెళ్ళే వేటగాడు, చేతిలో ఉన్నది విల్లే అయినా, నడుం పైభాగం సగానికి తక్కువ కాకుండా నారింజ గానీ గులాబీ గానీ మెరవాలని చట్టం. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే కొత్త పెళ్ళికూతురు ఏది ఎంచుకుంటుంది?

"విల్లు వేటంటే ఆకుల్లో ఆకులా కలిసిపోవాలి కదే," అన్నాడు ఓరిన్.

"కలిసిపోతాలే. జింకకి ఈ రంగు మట్టిరంగులా కనిపిస్తుంది. కదలకుండా కూర్చుంటే చాలు. మీ బాబాయి కంట్లో మాత్రం కలిసిపోకూడదు."

శుక్రవారం మధ్యాహ్నానికి క్యాంపు చేరారు. క్యాంపంటే చెక్క గది, పొగ పొయ్యి, నాలుగు మంచాలు, ఊరగాయ గుడ్ల సీసా, చీజు ముక్కల పొట్లాలు, బ్రాందీ. ఓరిన్ బాబాయి డెల్మర్ ఆమె గులాబీ చొక్కా చూసి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అబ్బబ్బ! ఒరేయ్ ఓరిన్, మీ ఆవిడ జింకల్ని వేటాడుతుందా, వాటికి పుట్టినరోజు చేస్తుందా?"

"రెండూనూ చిన్నమామయ్యా. ముందు కేకు కోస్తాను," అంది బ్రీటా.

డెల్మర్ మెడలో బైనాక్యులర్ లేదు. తుపాకీ మీద అంత మంచి దుర్భిణి ఉండగా మళ్ళీ ఇంకోటి కొనడం దండగని ఆయన సిద్ధాంతం. ఏదైనా కదిలితే తుపాకీ ఎత్తి, అందులోంచే అది ఏమిటో చూస్తాడు. పొదుపరి.

అప్పుడు మామగారు వెర్లిన్ గుమ్మంలోకి వచ్చాడు, తన కోటు వేసుకుని. ముప్పై ఏళ్ళ క్రితం అది నారింజ రంగు కోటు. ఎండ, పొగ, పంతొమ్మిది మగజింకల నెత్తురు కలిసి దాన్ని ఎండు గుమ్మడి తొక్క రంగుకి తెచ్చాయి. సరిగ్గా నవంబరు జింక వీపు రంగు. అదృష్టం పోతుందని ఉతకనివ్వడు, మార్చడు.

"మామయ్యా," అంది బ్రీటా మెల్లగా, "ఆ కోటు రంగు కాస్త వెలిసినట్టుందేమో..."

"ఇది రంగు కాదమ్మాయ్, చరిత్ర."

"చరిత్ర చెట్ల మధ్య కనపడదు కదా మామయ్యా. నా దగ్గర ఇంకో చొక్కా ఉంది..."

"గులాబీదేనా?" అన్నాడు డెల్మర్, మింగబోయిన గుడ్డు ఆపి. "వేసుకో అన్నా, నీకు నప్పుతుంది!"

వెర్లిన్ కోటు గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. బ్రీటా ఇంకో తప్పు చేసింది. "రేపు ఎవరెవరు ఎక్కడ కూర్చుంటున్నారు?" అని అడిగేసింది. బ్యాంకు రహస్య సంఖ్య అడిగినా అంత నిశ్శబ్దం వచ్చేది కాదు. ఈ వంశంలో మనిషి తన జబ్బు చెబుతాడు, జీతం చెబుతాడు, వేటకి కూర్చునే చోటు మాత్రం తోడబుట్టినవాడికి కూడా చెప్పడు.

"నేను దక్షిణం గుట్టమీద," అన్నాడు వెర్లిన్, కిటికీలోంచి ఉత్తరం వైపు చూస్తూ.

"నేను వాగు అవతల," అన్నాడు డెల్మర్. ఆయన ఎప్పుడూ నిజమే చెబుతాడు. ఎవరూ నమ్మరు గనక రహస్యం భద్రం.

బ్రీటా మాత్రం తన చోటు కాగితమ్మీద గీసి తలుపుకి గుచ్చింది: వాగు ఇవతల, చిత్తడి అంచున, పెద్ద దేవదారు. మగవాళ్ళు ముగ్గురూ దాన్ని జాలిగా చూశారు.

శనివారం తెల్లవారేసరికి ఆమె చెట్టుమీద ఉంది. నడుం పట్టీ బిగించి, తాడుతో విల్లు లాక్కుని, మొనల తొడుగులు తీసి, కదలకుండా కూర్చుంది. కాండం చుట్టూ రిబ్బను. మంచు నీలంగా ఉండి తెల్లబడింది. ఓ బుల్లి పిట్ట వచ్చి సరాసరి ఆమె బాణం మీద వాలి, ఇది కొమ్మేనా అన్నట్టు రెండుసార్లు గెంతి చూసి ఎగిరిపోయింది. బ్రీటాకి నవ్వాగలేదు. సాయంత్రం ఓరిన్‌కి చెప్పాల్సిన సంగతుల్లో దీన్ని మొదట పెట్టుకుంది.

అప్పుడు కింద, ముప్పై అడుగుల దూరంలో, ఎర్రకొమ్మల పొదల్లో ఏదో కదిలింది.

మట్టిరంగు వీపు. వంగి ఉంది. పక్కన తెల్లగా ఏదో తళుక్కుమంది. జింక తెల్లతోక! బాణం వింటికి తగిలించింది గానీ లాగలేదు. విల్లు వేటలో ఒక సుఖం ఉంది: జంతువు మొత్తం కనిపించేదాకా బాణానికి పనే లేదు. ఓపికగా చూసింది. వీపుకి కాలరు వచ్చింది. కాలరుకి మెడ వచ్చింది. మెడపైన మామగారొచ్చాడు.

దక్షిణం గుట్టమీద ఉండాల్సిన వెర్లిన్, తుపాకీ చెట్టుకి ఆనించి, బహిర్భూమి కార్యక్రమంలో ఉన్నాడు. ఆ తెల్లతోక ఆయన చేతిలోని కాగితపు చుట్ట.

బ్రీటా కళ్ళు గట్టిగా మూసుకుంది. కోడలి జీవితంలో చూడకూడనివి కొన్ని ఉంటాయి. మళ్ళీ తెరిచేసరికి, వాగు అవతల నారింజ రంగు చుక్క ఒకటి కనిపించింది. డెల్మర్. ఆయన తుపాకీ మెల్లగా పైకి లేస్తోంది. ఏమిటో చూడటానికి. ఆ పొదలవైపే.

ఈల వేస్తే క్యాంపు మొత్తానికీ పొద్దుటి వేట పాడవుతుంది. ఫిర్యాదు వస్తుంది. విల్లు ఇంటికి, తను బస్సుకి, ఎప్పటికీ. ఇదంతా ఆలోచించానని తర్వాత అనుకుంది గానీ, నిజానికి అప్పటికే ఈల నోట్లో ఉంది. ఊపిరంతా పెట్టి మూడుసార్లు ఊదింది.

అడవి అదిరింది. తుపాకీ ఆగింది. చిత్తడి మధ్యలోంచి చెట్టుకొమ్మల్లాంటి కొమ్ములున్న మగజింక ఒకటి ఎగిరి, ఒక్క దూకులో మాయమైపోయింది. అసలైన తెల్లతోక అది. పొదల్లో వెర్లిన్ ఏం చేసిందీ బ్రీటా చూడలేదు, చూడదలచుకోలేదు.

మధ్యాహ్నం పంచాయితీ పెట్టారు. డెల్మర్ కేకలకి పొయ్యిమీది సాసేజ్‌లు కూడా ఉలిక్కిపడ్డాయి.

"నలభై ఒక్క ఏళ్ళలో ఈ అడవిలో ఎవడైనా ఈల ఊదాడా? రైలు బండా ఇది? పది కొమ్ముల జింక, అన్నా! చేతిదాకా వచ్చింది! ఇది ఫిర్యాదు కాకపోతే మరేంటో చెప్పు!"

"ఎందుకు ఊదావు?" అని ఓరిన్ అడిగాడు.

బ్రీటా బూట్లవైపు చూసింది. చెబితే మామగారి పరువు ఊరంతా తిరుగుతుంది. రహస్యపు చోటు రచ్చకెక్కుతుంది. "ఊదాలనిపించింది," అంది.

"విన్నారా? అనిపించిందట!" డెల్మర్ చేతులెత్తాడు. "పైగా నేను ఇంకో జింకని చూస్తున్నాను, దాన్నీ పోగొట్టింది. ఎర్రపొదల్లో. వంగి మేస్తోంది. మట్టిరంగు వీపు, తెల్లతోక ఇలా ఇలా ఆడిస్తోంది..."

వెర్లిన్ చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది.

"ఎర్రపొదల్లోనా?" అన్నాడు.

"అవునన్నా. పెద్ద దేవదారు దగ్గర. బాగా బలిసిన జింక."

వెర్లిన్ తమ్ముణ్ణి చూశాడు. కోడల్ని చూశాడు. ఆమె ఇంకా బూట్లనే చూస్తోంది. ఇప్పుడాయన ఏమీ అనకుండా కూర్చుంటే చాలు, కోడలు రేపు బస్సెక్కుతుంది, ఆయన మర్యాదా ఆయన చోటూ అలాగే ఉంటాయి. కాఫీ కప్పు మెల్లగా బల్లమీద పెట్టాడు.

"అది మేయడం లేదు," అన్నాడు. "ఆ తోక నాదే."

ముందు ఓరిన్‌కి అర్థమైంది. పొట్ట పట్టుకున్నాడు. నవ్వు బయటికి రాబోతుండగా డెల్మర్ ముఖం చూసి ఆగిపోయాడు. డెల్మర్ తెల్లబోయి కుర్చీలో కూలబడ్డాడు.

"తుపాకీ సేఫ్టీ తీసేశానన్నా," అన్నాడు. ఆయన గొంతు అంత సన్నగా ఉంటుందని ఎవరికీ తెలియదు. "వేలు... వేలు మీటమీదకి వచ్చేసింది."

బ్రీటా వెళ్ళి ఓరిన్ చెయ్యి పట్టుకుంది. అది చల్లగా ఉంది.

వెర్లిన్ లేచి కోటు విప్పాడు. దాన్ని ఓసారి వెలుగుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. "నిజమే, చెట్ల మధ్య కనపడదు," అని ఒప్పుకున్నాడు, ఎవరో కొత్తగా చెప్పినట్టు. మడిచి మంచం కింద పెట్టేశాడు.

"అమ్మాయ్," అన్నాడు, "నువ్వు నోరు విప్పలేదేం? నిన్ను పంపించేసేవాణ్ణే."

"చూసిందంతా చెప్పాల్సి వచ్చేది మామయ్యా."

వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. ఓరిన్ ఇక ఆపుకోలేకపోయాడు. తర్వాత వెర్లిన్, చివరికి తడి కళ్ళతో డెల్మర్ కూడా. అంత నవ్వు ఆ గదిలో బ్రీటాకి తొలిసారి, కానీ వాళ్ళ మధ్య కూర్చుని నవ్వడం ఎప్పటినుంచో అలవాటైనట్టే అనిపించింది.

నవ్వులు తగ్గాక వెర్లిన్ తలుపుకి గుచ్చి ఉన్న కాగితం తెచ్చి బల్లమీద పరిచాడు. దేవదారు పక్కన తన రహస్యపు చోటు గుర్తు పెట్టాడు. పెన్సిలు తమ్ముడి ముందుకి తోశాడు.

"వినండి," అన్నాడు. "ఇకనుంచి ఎవరెక్కడ కూర్చోవాలో అమ్మాయి చెబుతుంది, ఆవిడ సరేనంటేనే గుమ్మం దాటడం. రేపు పొద్దున్నే డెల్మర్ నాతో టౌనుకొస్తాడు. దుకాణం ఏడింటికి తీస్తారు. వాడికి బైనాక్యులర్, నాకు కోటు. కళ్ళు కాల్చేంత నారింజది."