చేతులు చెప్పిన అబద్ధం

దేవిప్రియను నిలుచున్న చోటు నుంచి కదిలించగల మనిషి ఉడుమలైపేటలో లేడని తాయ్ చి క్లాసులో అందరూ అనేవారు. వినగా వినగా ఆమె కూడా ఆ మాట నమ్మింది.

తరాలుగా తమిళనాడులో ఉంటున్న తెలుగు కుటుంబం వాళ్లది. ఆమె తండ్రి దురైసామికి పళని రోడ్డులో కొబ్బరి మండీ ఉంది. మండీ వెనక కొబ్బరి చిప్పలు ఎండబెట్టే పెద్ద సిమెంటు కళ్లం. పెళ్లి నిలవక ఆమె పుట్టింటికి తిరిగి వచ్చాక లారీల్లో లోడ్లు పంపే పని చూసుకోసాగింది. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు, చుట్టాలు, మండీలో కూలీలు సైతం ఆమెతో పగిలిన కుండను పట్టుకున్నట్టు మెలిగేవారు. గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు, కాదనేవాళ్లు కాదు. ఆ జాలి ఆమెకు ఊపిరాడనివ్వలేదు. అలాంటప్పుడే సుందరమూర్తి మాస్టర్ క్లాసులో చేరింది.

సుందరమూర్తి వయసులో ఉండగా మలేషియాలోని పినాంగులో హోటల్ పని చేస్తూ, అక్కడి చీనా ముసలాయన ఒకరి దగ్గర ఈ విద్య నేర్చుకుని వచ్చాడు. ఆయన క్లాసులో అన్నిటికన్నా ఆమెకు నచ్చింది పుష్ హ్యాండ్స్. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ముంజేతులు ఒకదానికొకటి ఆనించి, తిరగలి తిప్పినట్టు నెమ్మదిగా తిప్పుతారు. అవతలివాళ్లు తోస్తే ఎదురు తోయకూడదు. ఆ బలాన్ని పక్కకు పోనిచ్చి, వాళ్లు తూలిన క్షణం కనిపెట్టి తోయాలి. పాదం కదిలినవాళ్లు ఓడినట్టు. "నోరు అబద్దం చెప్తాది, కన్ను అబద్దం చెప్తాది. చెయ్యి చెప్పదు, అమ్మణి. చేత్తో విను" అనేవాడు మాస్టర్.

మొదట్లో క్లాసు ఒక కల్యాణ మండపంలో జరిగేది. అక్కడ దేవిప్రియ రోజూ పడేది. మోచేతులు చెక్కుకుపోయేవి. తనను జాలి లేకుండా తోసే మనుషులు దొరికారని ఆమెకు లోలోపల సంతోషంగా ఉండేది. తరవాత మండపంవాళ్లు ఖాళీ చేయమంటే, ఆమె తండ్రితో చెప్పి కళ్లం ఇప్పించింది. పొద్దున కొబ్బరి పరిచేలోగా సాధన ముగించుకోవాలని ఒప్పందం. కళ్లంలోకి వచ్చిన కొన్నాళ్లకే ఆమె చేయి తిరిగింది. ఒకరి తరవాత ఒకరు ఆమె చేతిలో తూలిపోసాగారు. ట్రాక్టర్ షెడ్డు నడిపే కన్నన్, ఎద్దులాంటి మనిషి, ఆమె తోస్తే రెండడుగులు వెనక్కి పోయేవాడు. చివరికి మాస్టర్ పాదం కూడా కదిలింది. ఆ రోజు ఆమె ఇంటికి పాట పాడుకుంటూ పోయింది.

కోయంబత్తూరు పీళమేడులో ఒక కిక్‌బాక్సింగ్ జిమ్‌వాళ్లు, ఏ విద్య నేర్చినవాళ్లయినా వచ్చి తమవాళ్లతో స్పారింగ్‌కు, అంటే సాధన కొట్లాటకు, దిగవచ్చని ఒక ఆదివారం పిలుపు ఇచ్చారు. దేవిప్రియ పోతానంది. మాస్టర్ ముఖం మాడ్చుకున్నాడు. ఈ విద్య కొట్లాటకు కాదన్నాడు. కొట్లాటలో అక్కరకు రాకపోతే ఇన్నాళ్లు నేర్చింది ఏమిటని ఆమె అడిగితే, చీపురు తీసుకుని కళ్లం ఊడవసాగాడు. తోడుగా కన్నన్ బయలుదేరాడు. దారి పొడుగునా అతను బస్సు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

జిమ్‌లో ఆమెకు ఎదురు నిలిచిన అమ్మాయి పేరు కృత్తిక. సన్నగా, పొడుగ్గా ఉంది. తలకు కవచం, చేతులకు గ్లవ్స్ వేసుకుని ఇద్దరూ గోదాలోకి దిగారు. దేవిప్రియ అలవాటుగా ముంజేయి ముందుకు చాచింది. ఆ చేతికి ఏమీ తగల్లేదు. ముక్కు మీద మాత్రం గుద్దు పడింది. మళ్లీ చాచింది, మళ్లీ పడింది. తగిలితే కదా చేయి వినేది! కృత్తిక తగిలేది గుద్దడానికే, ఆ వెంటనే దూరం జరిగిపోయేది. గంట కొట్టేసరికి దేవిప్రియ ముక్కులోంచి రక్తం కారుతోంది.

రెండో విడతలో కృత్తిక దగ్గరికి వచ్చి రెండు చేతులతో ఆమె మెడ పట్టింది. ఆ పట్టు తగలగానే దేవిప్రియ ఒళ్లంతా మేలుకుంది. అవతలి బరువు ఎటు ఉందో స్పష్టంగా తెలిసింది. కిందికి కుంగి, నడుము తిప్పి, ఆ లాగుడును పక్కకు పోనిచ్చి తోసింది. కన్నన్ అయితే రెండడుగులు పోయేవాడు. కృత్తిక కాస్త తూలింది, అంతే. నిలదొక్కుకుని, అప్పటికే చేతులు దించేసిన దేవిప్రియ దవడ మీద ఒక్కటి వేసింది.

తరవాత ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చింది కృత్తికే. దేవిప్రియ కన్నన్‌తో తెలుగులో మాట్లాడటం విని నవ్వింది.

"మనోళ్లేనా? మాది కారమడై. అక్కా, ఒగటి అడుగుతాను, కోపం చేసుకోవద్దు. పట్టుకున్నప్పుడు మీరు తిరిగిరే, అది నిజ్జంగా బాగుండాది. నా కాలు కదిలిపోయింది. కానీ తోసేసి ఏల నిలబడితిరి? నేను పడేదానికి కాచుకొని ఉన్నట్టు ఉండాది. ఎవురు పడతా ఉండారు మీకు అట్ల?"

ఆ మాట దవడ మీది దెబ్బకన్నా లోతుగా దిగింది.

తిరుగు బస్సు పొళ్లాచ్చి దాటింది. దేవిప్రియ కన్నన్ వైపు తిరిగి, నువ్వు నిజంగా పడ్డావా అని అడిగింది. అతను చేతులు నలుపుకున్నాడు. ఆమె మళ్లీ అడిగింది.

"మాస్టర్ చెప్పినారు" అన్నాడు కన్నన్ చివరికి. "కళ్లం వాళ్ల నాయినది, ఆ పిల్లకు దెబ్బ తగిలితే మనకు చోటు పోతాది, తోయద్దండి అని. నాకు ఇష్టం లేదు, అమ్మణి. రెండు నాళ్లు ఒప్పుకోలేదు. అప్పుడు ఆయన, పావం, మొగుణ్ణి విడిచొచ్చిన పిల్ల, ఇందులో అయినా గెలవనీరా అనె. ఆ మాటకు నేను ఒప్పుకొంటిని."

ఆమె ఏడవలేదు. మండపంలో పడిన రోజులు, కళ్లంలో పడని రోజులు ఒక్కొక్కటిగా కళ్లముందుకు వచ్చాయి. తన చేయి తిరగలేదు, చోటు మారింది, అంతే. జాలి నుంచి పారిపోయి వచ్చిన ఆ ఒక్క చోటా తనకు దొరికింది జాలే. ఇంటికి చేరాక వాచిన ముఖం చూసి తండ్రి కంగారుపడితే, జారి పడ్డానని చెప్పి గదిలోకి పోయింది. నిజం చెబితే ఆయన మర్నాడే కళ్లానికి తాళం వేస్తాడు. అది ఆమెకు ఇష్టం లేదు. తాళం వేసినా ఆ అబద్ధం బతికే ఉంటుంది.

మర్నాడు అందరికన్నా ముందు కళ్లానికి పోయింది. సుందరమూర్తి ఒక్కడే ఉన్నాడు. ఆమె ముఖం చూసి విషయం గ్రహించాడు. బుకాయించలేదు.

"మీ నాయినకు ఏమీ తెలియదు. నేనే చేస్తిని" అన్నాడు. "ఈ వయసులో నాకు వేరే ఏముండాది, చెప్పు? క్లాసు పోతే నేను పోయినట్టే. నీకు సంతోషంగానే ఉండె కదా."

"కొట్టి ఉంటే ఓర్చుకొందును, మాస్టర్" అంది దేవిప్రియ. "మీ చేతుల్ని నేను నమ్మితిని. మొగుడి మాట నమ్మి చెడితి, మాటలే వద్దు, చేతులు చాలనుకొంటిని. ఇప్పుడు తోయండి. సత్తెంగా తోయండి."

ఆయన వద్దన్నాడు. ఆమె కదల్లేదు. చివరికి ముంజేయి ఆనించాడు. ఒక చుట్టు తిప్పాడో లేదో, దేవిప్రియ వెల్లకిలా సిమెంటు మీద పడింది. లేచింది. మళ్లీ పడింది. ఆ ముసలి చేతుల్లో అంత విద్య ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది. ఇన్నాళ్లు గింజ దాచిపెట్టి, తనకు పొట్టు పెట్టిన చేతులు అవి. పడినకొద్దీ కోపం పెరిగింది. కోపంలోనే ఒకసారి ఆయన తోపు ఎటు వస్తోందో పట్టుకుంది. కుంగి, పక్కకు వదిలి, తోసింది. సుందరమూర్తి పాదం ఒక అడుగు వెనక్కి పోయింది.

ఇద్దరూ ఆగిపోయారు. ఆయన రొప్పుతున్నాడు. "ఇది నిజ్జం, అమ్మణి. ప్రమాణంగా నిజ్జం" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

నిజమే అయి ఉండవచ్చు. తన చేతికి అది నిజమనే అనిపించింది. కానీ ఆ చేతికి అంతకు ముందు కూడా అలాగే అనిపించింది. ఆమె చున్నీ దులుపుకుని, క్లాసు ఇక్కడే నడుపుకోమని, తను మాత్రం ఇక రానని చెప్పి వెళ్లిపోయింది. వెనకనుంచి ఆయన పిలిచాడు. ఆగలేదు.

అప్పటినుంచి ఆదివారాలు పీళమేడు పోతోంది. ముందు గుద్దు తప్పించుకోవడం నేర్చుకోవాల్సి వచ్చింది. దూరంలో ఉన్నంతసేపు తన పాత సాధన ఎందుకూ కొరగాదని, పట్టు తగిలిన తరవాత మాత్రం అక్కడ ఎవరికీ లేనిదేదో తనకు ఉందని మెల్లగా తెలిసింది. తోసి ఆగకుండా, వెంటపడి తోయడం నేర్చుకుంది. కృత్తిక ఒక్కసారి కూడా ఊరికే పడలేదు.

మొన్న ఒక ఆదివారం మెడ పట్టిన కృత్తికను దేవిప్రియ తిప్పి నేలకు వేసింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. దేవిప్రియ ముందు చూసింది కృత్తిక ముఖంలోకి. పడిపోయినందుకు ఆ పిల్ల ముక్కుపుటాలు అదురుతున్నాయి, మోకాలు చీరుకుపోయింది. అయినా నమ్మకం చాలక, నువ్వు కావాలని పడ్డావా అని అడిగింది.

"పిచ్చా మీకు?" అని కృత్తిక కోపంగా లేచి, మళ్లీ చేతులు ఎత్తింది.