అంతే అనేదాకా

ఆ కాలేజీలో ఒక మాట నిషేధం. బూతు మాటేమో అనుకునేరు, కాదు. అలలు ఎక్కువైనప్పుడు పడవలో అందరూ అందరినీ తిట్టుకుంటారు, ఎవరూ చెవిన పెట్టరు. నిషేధమల్లా "సరే" అన్న రెండక్షరాల మీదే.

నౌకాదళానికి అధికారులను తయారుచేసే కాలేజీ అది. గేటు దాటగానే వరండా గోడకు విరిగిన చుక్కాని చక్రం ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాని కింద ఇత్తడి పలక మీద రెండే ముక్కలు: "సరే అన్నాడు." కొత్తగా చేరినవాళ్ళకు మొదటి పాఠం అక్కడే. చెప్పేది పెద్ద సరంగు. అసలు పేరు ఆయనకే గుర్తుందో లేదో! పడవ నడపడం నేర్పేవాడు కాబట్టి ఊరూవాడా ఆయన్ని పెద్ద సరంగు అనే పిలుస్తారు.

"అప్పుడు ఈ భవనం ఉప్పు గోదాము. పద్నాలుగు మందిమి మొదటి బ్యాచ్. పొగమంచులో రేవు దాటుతున్నాం. ఆర్డర్ ఇచ్చేవాణ్ణి నేను. ఎడమకి తిప్పమన్నాను. చక్రం దగ్గరున్నవాడు 'సరే సార్' అని కుడికి తిప్పాడు. రాతికట్టకి కొట్టుకున్నాం. ఇద్దరు పోయారు." ఏటా అవే మాటలు, అదే గొంతు. చక్రం తిప్పినవాణ్ణి ఇంటికి పంపేశారట. 'సరేగాడు' అన్న పేరు మాత్రం ఇక్కడే మిగిలిపోయింది.

అప్పటినుంచి పద్ధతి మారింది. ఆర్డర్ విన్నవాళ్ళు దాన్ని పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. ఇచ్చినవాళ్ళు అది విని "అంతే" అనాలి. అప్పుడే చెయ్యి కదలాలి. పడవలోనే కాదు, భోజనాల గదిలో నీళ్ళ గ్లాసు అందించమన్నా ఇదే తంతు. ఏడాదిలో మూడుసార్లు "సరే" అని నోరు జారితే పెట్టె సర్దుకోవడమే.

ఆ ఏడాది చేరిన దర్జీ కూతురికి కొద్దిరోజుల్లోనే రెండు పడ్డాయి.

పాపం, ఆ పిల్ల తప్పేముంది! పెద్దవాళ్ళు ఏం చెప్పినా "సరే" అనాలని వాళ్ళమ్మ ఉగ్గుపాలతో నేర్పింది. తండ్రి పోయాక మిషను తొక్కి పెంచిన తల్లి. కూతురి తెల్ల యూనిఫాం తనే కుట్టి, బాగా చదివితే ఒళ్ళు వస్తుందని నడుము దగ్గర అంగుళం గుడ్డ లోపల వదిలింది. బ్యాచ్ వాళ్ళు పిల్లకు 'సరేలక్ష్మి' అని పేరు పెట్టేశారు. రెండో తప్పు తర్వాత ఆ మాటను నాలుక మీంచి తుడిచేయాలని పట్టుబట్టింది. ఇంటికి ఫోన్ చేసినా అదే సాధన.

"వేళకి తిను తల్లీ."

"వేళకి తినాలి అమ్మా."

"అదే చెప్తున్నాను కదే! నా మాట నాకే అప్పజెబుతావేం? ఒంట్లో బాగానే ఉందా?"

అలా పదకొండు నెలలు గడిచాయి. ఇక మిగిలింది ఆఖరి పరీక్ష ఒక్కటే. శిక్షణ పడవను రేవులోంచి బయటికి తీసుకెళ్ళి తిరిగి తేవాలి. చక్రం దగ్గర ఆమె, ఆర్డర్లు ఇచ్చేది పెద్ద సరంగు.

ఆ ఉదయం చెయ్యి చాస్తే వేళ్ళు కనపడనంత మంచు. పడవ ఎక్కబోతుండగా సరంగుకు ఫోన్ వచ్చింది. "ఎప్పుడు పోయాడు?" అని మాత్రం అడిగాడు. కాసేపు విని జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఎవరు పోయారని అడగడానికి ఆ పిల్లకు ధైర్యం చాలలేదు.

చక్రం గదిలో ఇద్దరే. మిగతావాళ్ళు వెనక ఇంజను రొదలో ఉన్నారు. కుడివైపు రాతికట్ట మంచులో కనిపించడం లేదు గానీ అలలు విరుగుతున్న చప్పుడు దగ్గరవుతోంది. దారి ఎడమకు తిరిగేది ఇక్కడే. ఆమె చక్రాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"కుడికి పదిహేను డిగ్రీలు" అన్నాడు సరంగు.

ఆమె ఒకసారి ఆయన వైపు చూసింది. "కుడికి పదిహేను డిగ్రీలు సార్."

"అంతే" అన్నాడు, కిటికీలోంచి చూపు తిప్పకుండా.

అయిపోయింది. పద్ధతి పూర్తయింది. ఇప్పుడు తిప్పకపోతే ఆర్డర్ ధిక్కరించినట్టు. తిప్పితే రాళ్ళు. పడవ వెనక భాగంలో ఆరుగురున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ పిల్లకు ఆ క్షణంలో తెలిసొచ్చింది. చక్రం కదపకుండా, ఊపిరంతా కూడదీసుకుని మళ్ళీ అరిచింది.

"కుడికి పదిహేను డిగ్రీలు సార్! కుడికి! రాతికట్ట వైపుకి!"

ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. "ఎడమకి! పూర్తిగా ఎడమకి!"

"పూర్తిగా ఎడమకి సార్!"

"అంతే, అంతే!"

చక్రం గిర్రున తిరిగింది. పడవ ముక్కు తప్పుకుంది గానీ వెనక భాగం కుడికి ఊగి రాళ్ళను బర్రున రాసుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. కుడిపక్క రంగు మాత్రం బారెడు మేర లేచిపోయింది.

గంట తర్వాత కమాండెంట్ గదిలో ఇద్దరూ నిలబడ్డారు. ఆయన ముందు తెల్లకాగితం, పెన్ను. ఆర్డర్ ఏమిటని అడిగితే ఆ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది. సరంగు నోరు విప్పలేదు. నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. ఒక్క మాట, ఒక్క మాట చెబితే ఆయన సొమ్మేం పోతుంది!

కమాండెంట్ చెడ్డవాడు కాదు. అందుకే గొంతు తగ్గించి మాట్లాడాడు. "చూడమ్మా, ఆయన ఆ మలుపు కళ్ళు మూసుకుని తిరుగుతారు. ముప్పై ఐదేళ్ళ అనుభవం. నీకు ముందే రెండు తప్పులున్నాయి. మంచులో కంగారుపడి ఉంటావు. తప్పుగా విన్నానని రాసి సంతకం పెట్టు. ఇంటికి పంపను, ఇంకో ఆరు నెలలు ఇక్కడే ఉండి మళ్ళీ పరీక్ష ఇద్దువుగాని."

పెద్దాయన, మెత్తగా చెబుతున్నాడు. చిన్నప్పటి అలవాటు గొంతులోకి పాకింది. స... అన్న అక్షరం పళ్ళదాకా వచ్చింది. అమ్మ కుట్టిన నడుము పట్టీని వేళ్ళతో గట్టిగా నొక్కుకుంది. ఆ అక్షరాన్ని మింగేసి, నిటారుగా నిలబడి, పద్ధతి ప్రకారం తిరిగి చెప్పింది.

"నేను తప్పుగా విన్నానని రాసి సంతకం పెట్టాలి సార్."

ఆ మాట గదిలో నిలబడిపోయింది. ఇక కమాండెంట్ "అంతే" అనాలి. ఆయన నోరు తెరిచాడు.

"అనకండి సార్" అన్నాడు పెద్ద సరంగు.

ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ అమ్మాయి సరిగ్గానే విన్నది. కుడికని నేనే అన్నాను. తిరిగి చెబితే వినకుండానే అంతే అన్నాను. పొద్దున ఫోన్ వచ్చింది సార్. మన సరేగాడు పోయాడు. సైకిళ్ళు బాగుచేసుకుంటూ బతికాడు. వాళ్ళ ఊళ్ళో కూడా ఆ పేరుతోనే పిలిచారట. అదే తలుచుకుంటూ ఉన్నాను, ఆ మలుపు వచ్చేసరికి..." కమాండెంట్ నీళ్ళ గ్లాసు జరిపితే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. "ఆ రోజు కూడా వాడి తప్పు లేదు. వాడు సరే అన్నాడు, నేను చెప్పిందే చేశాడు. నేనేం చెప్పానో విన్నవాళ్ళు ఇంకెవరూ లేరు. అడిగితే ఎడమకన్నానని చెప్పాను. వాడు ఎదురు చెప్పలేదు సార్, నా ముఖం చూసి ఊరుకున్నాడు."

కమాండెంట్ పెన్ను మూత పెట్టడం మరిచిపోయి కూర్చున్నాడు. పెద్ద సరంగు దర్జీ కూతురి వైపు తిరిగాడు.

"ఆ రోజు కుడికని చెప్పింది నేనే" అన్నాడు, ఆర్డర్ ఇచ్చినట్టు స్పష్టంగా.

ఆమె కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. అయినా గొంతు తడబడనివ్వలేదు.

"ఆ రోజు కుడికని చెప్పింది మీరే సార్."

ఆయన ఈసారి ఆమె కళ్ళలోకి చూసి, పూర్తిగా విన్నాడు.

"అంతే" అన్నాడు.