నాలుగు మెట్లు

ఇన్నాసప్ప సుద్దముక్కను రెండుగా విరిచి, ఒకటి చొక్కా జేబులో వేసుకుని, రెండోదానితో నల్లబల్ల మీద పైన ఒక సున్నా చుట్టాడు. దాని కింద రెండు గీతలు దించాడు. గీతల కొసల్లో రెండు సున్నాలు, వాటి కింద మళ్ళీ రెండు. డెబ్బై ఏళ్ళ మనిషి. మెడ సన్నబడి చొక్కా కాలరు వదులైంది. గంట తాడు లాగి లాగి కుడి అరచెయ్యి మడమలా గట్టిపడింది. గీత మాత్రం ఇప్పటికీ వంకర పోదు.

ఆ రోజు శనివారం. చర్చి బడిలో అయిదో తరగతి గది. చిన్నపిల్లల బెంచీల్లో మోకాళ్ళు పట్టక అవస్థపడుతూ ఎనిమిది జంటలు కూర్చున్నాయి. పెళ్ళికి ముందు ఈ తరగతికి రాకపోతే గుడిలో పెళ్ళి జరగదు. ఒంటి సంగతి, బిడ్డల సంగతి, కడుపులో పడిన ప్రాణాన్ని కాపాడుకోవలసిన సంగతి పొద్దున సిస్టరు వచ్చి చెప్పి పోయింది. చుట్టరికాల సంగతి చెప్పేది ఉపదేశి. నగరి ఊరికి దగ్గర్లో ఉన్న ఆ నేతగాళ్ళ పేటకు ఫాదర్లు వస్తారు, పోతారు. ఉపదేశి మాత్రం మారలేదు. నలభై ఆరేళ్ళుగా గంట కొట్టేది, జపాలు నేర్పేది, పెళ్ళి దరఖాస్తులు నింపేది, ఫాదరు ఊర్లో లేనప్పుడు శవాన్ని సమాధి దాకా నడిపించేది ఇన్నాసప్పే.

"పైన ఉండేది తాత," అన్నాడు, మగ్గాల చప్పుడు మీదుగా వినబడేటట్టు. "కింద ఆయన కూతురు, కొడుకు. ఆ కింద ఈ పక్క నువ్వు, ఆ పక్క నువ్వు సేసుకోవాలనుకునే మామ కూతురు. నీనించి మీ అమ్మకు ఒక మెట్టు. తాతకు రెండు. ఆడ్నించి దిగు. మామకు మూడు. మామ బిడ్డకు నాలుగు. నాలుగో మెట్టు దాకా అనుమతి లేకుండా గుడిలో పెండ్లి సెల్లదు."

వెనక బెంచీలో మగ్గాలు రిపేరు చేసే కుర్రాడు లేచాడు. "మా మామోల్ల మిద్దెకు పన్నెండు మెట్లుండాయి సార్. దినామూ ఎక్కుతాండా, దిగుతాండా. ఇంతవరకు ఎవురూ లెక్కబెట్టలే."

గదంతా నవ్వింది.

"మీ మామ లెక్కబెడతానే ఉంటాడు లేప్పా. కూర్చో."

ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "మా ఊర్లో అందురివీ మేనరికాలే గదా తాతా? దాంట్లో తప్పేముండాది?"

"తప్పని నేననలే. అడగమంటాండా. తొట్లో బిడ్డను సూపించి ఈమె వానికి అని పేరు పెట్టేస్తారు. పెద్దయినాంక నీకు ఇష్టమేనామ్మే అని అడిగే దిక్కుండదు. గుడి అడగమంటాది. బిషపు గారిని అడగల్ల. అంతకు ముందు ఆ బిడ్డను అడగల్ల. అడగకుండా, దాసిపెట్టి కట్టిన తాళి తాళి కాదు."

ఆ మాట ఆయన ఏటా చెప్పేదే. ఈసారి చెప్పి మూడో బెంచీ వైపు చూశాడు. అక్కడ స్టెల్లా, సహాయరాజు తలలు వంచుకుని కూర్చున్నారు. ఇన్నాసప్ప బల్ల వైపు తిరిగి, దిద్దనక్కరలేని గీతను మళ్ళీ దిద్దాడు.

స్టెల్లా మూడో వీధిలో ఉండే ఆనందమ్మకు కూతురి కూతురు. సహాయరాజు ఆనందమ్మ కొడుకు కొడుకు. ఆ కొడుకు పెళ్ళయిన ఏడాదే వేలూరికి పోయి స్థిరపడ్డాడు. కాబట్టి పిల్లవాడి కాగితాలు అక్కడి గుడినుంచి వచ్చాయి, కొత్తగా వచ్చిన ఫాదరుకు చుట్టరికం తెలిసే దారి లేదు. పేటలో అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన సంగతిని ఎవరూ చెప్పరు. దరఖాస్తులో 'రక్తసంబంధం ఉందా' అన్నచోట 'లేదు' అని రాసింది ఇన్నాసప్ప చెయ్యే. పోయిన ఆదివారం ఫాదరు మొదటి ప్రకటన చదివి, ఈ పెళ్ళికి అడ్డు తెలిసినవాళ్ళు చెప్పండి అన్నప్పుడు, ఆయన పీఠం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రేపు రెండో ప్రకటన. పై ఆదివారం మూడోది, ఆ మర్నాడు పెళ్ళి.

ఎందుకు రాశాడంటే, ఆనందమ్మను వేలూరు ఆసుపత్రి ఇంటికి పంపేసింది. కడుపులో గడ్డ. ఇంకో రెండు వారాలన్నారు. మనవరాలి పెళ్ళికి, ఆ రెండు వారాలకు మధ్య ఒక బిషపు గారి ఉత్తరాన్ని పెడితే ఏమవుతుందో ఈ లోకంలో ఇన్నాసప్పకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

ఆనందమ్మ ఆయన మేనమామ కూతురు. నలభై ఆరేళ్ళ కిందట వాళ్ళ పెళ్ళికి కూడా రెండు ప్రకటనలు చదివారు. అప్పుడాయనకు ఇరవై నాలుగు, ఆమెకు పంతొమ్మిది. ఉపదేశి శిక్షణ అప్పుడే ముగించుకుని వచ్చాడు. నేర్చుకున్న చదువు నోట్లో పచ్చిగా ఉంది. మూడో ఆదివారానికి ముందు తనే పోయి ఫాదరుకు చెప్పేశాడు. ఫాదరు మెచ్చుకుని బిషపు గారికి రాశాడు. బిషపు గారు పైదేశం పోయి ఉన్నారు. నెల గడిచింది. రెండో నెలలో మేనమామ వీధిలో నిలబడి, "నా బిడ్డను నా అక్క కొడుక్కి ఇచ్చేదానికి ఎవుని అనుమతి సీటీ రా కావల్ల?" అన్నాడు. అయిదో నెలలో ఆనందమ్మను అదే పేటలో ఒక నేతగాడికి ఇచ్చేశాడు. ఆ పెళ్ళికి గంట కొట్టింది ఇన్నాసప్పే. కొట్టిన పంతొమ్మిదో రోజున పోస్టుమ్యాన్ ఉత్తరం తెచ్చాడు. అనుమతి ఇచ్చారు.

నిజం చెప్పినవాడికి నష్టం రాదని తరగతిలో చెప్పవచ్చు. వస్తుంది. ఆయనకు వచ్చింది. గుడి వెనక ఒక గది, ఒక మంచం, ఒక కిరసనాయిలు స్టవ్వు, తర్వాత దాని చోట ఒక గ్యాసు స్టవ్వు. నాలుగు వందల పైచిలుకు పెళ్ళిళ్ళ దరఖాస్తులు నింపాడు. తనది మళ్ళీ నింపలేదు. ఎవరైనా అడిగితే, కుదరలేదప్పా అనేవాడు. కొన్నాళ్ళకు అడగడం మానేశారు.

పన్నెండు గంటలకు తరగతి వదిలారు. జంటలు పోయాయి. స్టెల్లా ఒక్కతే నిలబడింది. సహాయరాజు బయట బండి దగ్గర ఉన్నాడు.

"అవ్వ ఒక మాట అడగమనింది తాతా."

"ఏమని?"

"ఆ పొద్దు మీరు నోరు మూసుకోనుంటే బాగుండునా, సెప్పిందే మేలా అని. మీరెట్ల సెప్తే మమ్మల్ని అట్ల సేయమనింది."

ఇన్నాసప్ప తుడుపుగుడ్డ తీసుకుని పైసున్నా చెరిపాడు. పక్కనున్నవి కూడా నిదానంగా చెరిపాడు. నోరు మూసుకుని ఉంటే ఒక ఇల్లు ఉండేది, అందులో ఆనందమ్మ ఉండేది. అది ఒకవైపు. దాచి చేసుకున్న రెండు పెళ్ళిళ్ళు ఆయన కళ్ళముందే పెటాకులయ్యాయి. రెండింటిలోనూ మోజు తీరాక ఇది చెల్లని పెండ్లి అని దులుపుకుని లేచిపోయింది మగవాడే, బిడ్డనెత్తుకుని గుడి మెట్ల మీద కూర్చున్నది ఆడదే. అది ఇంకోవైపు. దాచిపెట్టిన సంగతి ఎప్పుడు బయటపడినా ఆ బరువు ఆడబిడ్డ మీదే పడుతుంది. తన నష్టం తన దగ్గరే ఆగింది. ఈ పిల్ల నష్టం అట్లా ఆగదు.

"సహాయరాజు నీకు ఇష్టమేనామ్మే? అవ్వ కోసరం సేసుకుంటాండావా?"

"ఇష్టమే తాతా. నేనే ముందు అడిగినా. వానికి నోరు యాడ లేస్తాది?"

ఆయనకు నవ్వు వచ్చింది. గుడ్డ దులిపి కిటికీలో పెట్టాడు.

"అయితే పద, ఫాదరుకు సెబుదాం."

"తేదీ తప్పిపోతే? అవ్వ..."

ఆయన చేతుల సుద్ద దులుపుకుని ముందు నడిచాడు.

ఫాదరు భోజనానికి కూర్చోబోతున్నాడు. చిన్నవాడు, ముప్పై నిండి ఉండవు. అంతా విని, దరఖాస్తు తెప్పించి, ఆ ఒక్క మాట మీద వేలు పెట్టాడు.

"ఉపదేశిగారూ, ఇది మీ చేతిరాతే కదా?"

"నాదే ఫాదర్."

"మీరా?"

ఇన్నాసప్ప తల వంచుకున్నాడు. ఫాదరు ఆ దరఖాస్తు పక్కన పెట్టాడు. స్టెల్లా చెప్పిందంతా కొత్త కాగితం మీద రాయించి, అవ్వ ఆసుపత్రి చీటీతో కలిపి, ఫోనుతో నాలుగు ఫొటోలు తీశాడు. బిషపు గారి ఆఫీసుకు పంపి, వెంటనే ఫోను కూడా చేశాడు. తర్వాత కంచం ముందుకు లాక్కున్నాడు.

ఇన్నాసప్ప గుడిలోకి పోయి పీఠం మీద కారిన మైనం గోకాడు. పువ్వులు మార్చాడు. రేపటికి పాటల పుస్తకాలు బెంచీల మీద సర్దాడు. ఎండ పడమటి కిటికీకి వచ్చేసరికి ఫాదరు ఫోను పట్టుకుని చెప్పుల్లేకుండానే వచ్చాడు.

"వచ్చేసింది ఉపదేశిగారూ. సంతకంతో సహా. తేదీ మార్చనక్కరలేదు."

ఇన్నాసప్ప కళ్ళజోడు సర్దుకుని తెర మీద చదివాడు. ఏడు వరసలు. అప్పటి ఉత్తరంలో కూడా దాదాపు ఇవే మాటలు. అప్పుడు టైపు మిషను మీద కొట్టారు. గోడ గడియారం చూశాడు. మూడూ నలభై. పంపింది పన్నెండూ నలభైకి.

"మూడు గంటలు," అన్నాడు.

"అవును, శనివారం కదా, కొంచెం ఆలస్యం చేశారు," అన్నాడు ఫాదరు.

ఆనందమ్మ ఇల్లు మూడో వీధిలో. మగ్గాలు రెండు అమ్మేశాక ఖాళీ అయిన ముందుగదిలో ఆమెకు మంచం వేశారు. ఎముకల మీద చర్మం కప్పినట్టుంది. కళ్ళు మాత్రం తొందరగా కదులుతున్నాయి. ఇన్నాసప్ప వాకిలి గుంజ దగ్గర ఆగాడు. నెలనెలా ఫాదరు వెంట ఈ ఇంటికి వస్తాడు. జపం నిలబడే చెబుతాడు, నిలబడే వెళ్ళిపోతాడు. ఆమె మొగుడు బతికున్నప్పుడూ అంతే, పోయాకా అంతే.

"సెప్పేసినారంట గదా," అంది ఆనందమ్మ.

"సెప్పినా. అనుమతి వచ్చింది. అనుకున్న పొద్దే పెండ్లి."

"ఎన్నాళ్ళకొచ్చింది?"

"మూడు గంటలు."

ఆమె పైకప్పు వైపు చూసింది. పెదాలు కదిలాయి. నవ్విందో ఏమో.

"మూడు గంటలా. మన పోస్టుమ్యాన్ రోమునుంచి నడిసొచ్చినట్టుండాడు."

ఆయన గుంజ మీది సున్నం గోటితో గీకాడు. "నువ్వడిగినదానికి..."

"దానికి జవాబు నాకు తెలుసులే. సెప్పిందే మేలు. నువ్వు సెప్పినందుకు నాకు ఏ పొద్దూ కోపం లేదు బావా."

బావా అన్న పిలుపు ఆయన చెవిన పడి నలభై ఆరేళ్ళయింది.

"ఫాదరును అడిగినావు," అంది ఆమె, ఊపిరి కూడదీసుకుని. "బిషపును అడిగినావు. మా నాయన కాళ్ళు పట్టుకోని, ఇంకొక నెల ఆగమని అడిగినావు. నన్నొకమాట అడగలేదే, ఆనందా, కాసుకోనుంటావా అని. అయిదు నెల్లు సూసినా, ఈ పొద్దొచ్చి అడుగుతాడు, రేపొచ్చి అడుగుతాడని. అడిగుంటే మా నాయన నన్ను నరికినా కాసుకోనుందును."

వీధిలో మగ్గాలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. పొద్దున తరగతిలో చెప్పిన మాట, ఏటా చెప్పే మాట, తనకు ఎవరూ చెప్పలేదని ఇన్నాసప్పకు అప్పుడు తట్టింది. అందరినీ అడిగాడు. అడగవలసిన మనిషి ఒక గోడ అవతలే ఉంది.

"తెలీలే," అన్నాడు.

"నాకు తెలుసు నీకు తెలీదని. నిలబడే మాట్లాడతావా?"

"ఆరు గంటల గంట కొట్టల్ల. పోవల్ల."

"పో. గంట ఆలస్యం సేస్తే ఊరంతా అడుగుతాది," అంది ఆమె, కళ్ళు మూసుకుని.

సాయంత్రం గంట మూడేసి దెబ్బలుగా మూడుసార్లు కొట్టి, తాడు ముడి వేస్తుండగా సహాయరాజు వచ్చాడు. బండి స్టాండు వెయ్యకుండా గోడకు ఆనించి, తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇన్నాసప్ప ముడి విప్పాడు.

ఆ పేటలో పోయినవాళ్ళకు వయసెంతో అన్ని దెబ్బలు కొడతారు. ఎవరు వచ్చినా ఉపదేశి ముందు వయసు అడుగుతాడు. బంధువులు వేళ్ళు మడిచి లెక్క వేసి, అరవై ఉంటాయి, కాదు అరవై రెండు, అని తేల్చి చెబుతారు. ఈసారి ఆయన అడగలేదు. ఒక దెబ్బ కొట్టి, దాని మోత పూర్తిగా ఆగిపోయేదాకా కాచుకుని, రెండోది కొట్టాడు. అరవై అయిదు కొట్టేసరికి వీధి దీపాలు వెలిగాయి. మూడో వీధిలో మగ్గాలు ఒకటొకటిగా ఆగిపోయాయి.

ఇల్లు చేరేసరికి జనం నిండారు. ఆనందమ్మను మంచంతో సహా పంచలోకి తెచ్చి పడుకోబెట్టారు. ముందుగదిలో స్టెల్లా ఒక్కతే గోడకానుకుని కూర్చుని ఉంది. ఆయన్ని చూసి లేవబోయింది.

"కూర్చోమ్మే."

"పొద్దున నేను తరగతికి బయలుదేరేటప్పుడే ఏయించింది తాతా. ఈ పొద్దు ఉపదేశి తప్పకుండా వస్తాడనింది. వచ్చినోళ్ళు ఎవురన్నా అడిగినా ఇయ్యద్దనింది."

ఏమిటో అర్థంకాక ఆయన తిరిగి చూశాడు. మంచం తీసేసిన చోటు ఖాళీగా ఉంది. తలవైపు ఉండే మూల, గుంజ దగ్గర నిలబడినవాడికి తలుపు చాటున కనబడని చోట, నీలం ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఉంది. శుభ్రంగా తుడిచి, దాని మీద ఉతికిన తుండుగుడ్డ నాలుగు మడతలు పెట్టి పరిచారు, మడత ఎక్కడా నలగలేదు.